ల్యాబ్‌కీ ఊరికీ మధ్య ఉన్న ఉద్యోగం

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఆడవాళ్లు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు. దాన్ని అడ్డపొగ అంటారు. గాలికి ఆరిపోదనీ, బూడిద మీద రాలదనీ, మా అమ్మ ఇలాగే తాగేదనీ చెప్పేవారు. ఏళ్ల తరబడి ఆ వేడికి అంగిలి కాలీ కాలీ, కొందరికి అక్కడే రాచపుండు పుట్టేది. అంగిలి క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల అరుదు, మన ఉత్తర కోస్తాలో మాత్రం కాదు. ఈ అలవాటుకూ ఆ జబ్బుకూ సంబంధం ఉందని టాటా మెమోరియల్ ఆసుపత్రి పెథాలజిస్టు వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే రాశారు. 1960ల రెండో సగంలో ఒక బృందం ఇంటింటికీ తిరిగి నోళ్లు పరీక్షించింది. 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను చూసిన వివరాలు 1971లో అచ్చయ్యాయి. వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే.

ఆ బృందాన్ని పంపింది బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. ఈ మాట చెబితే మా విద్యార్థులు ఒకటికి రెండుసార్లు అడుగుతారు. గణితానికీ భౌతికశాస్త్రానికీ పేరుపడ్డ ఆ సంస్థలో అప్పట్లో ఒక దంత పరిశోధన విభాగం ఉండేది. దంతవైద్యుడు ఫలీ మెహతా, డెన్మార్క్ నుంచి వచ్చిన నోటి పెథాలజిస్టు పిండ్‌బోర్గ్, గణాంకాల మనిషి ప్రకాశ్ గుప్తా కలిసి పనిచేశారు. 1970ల చివర ఇదే విభాగం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్లను ఎంచుకుంది. వాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడింది, సినిమాలూ పోస్టర్లూ వాడింది, ఏటా మళ్లీ వచ్చి నోరు చూసింది. మాటలతో పొగాకు మాన్పించగలమా, మానితే నోట్లో మచ్చలు తగ్గుతాయా అన్నది వాళ్ల ప్రశ్న. రెండూ కొంతవరకు సాధ్యమేనని 1986లో ప్రకటించారు.

ఈ పాత కథ ఎందుకంటే, క్యాన్సర్ నివారణ పరిశోధనలో ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. మచ్చను గుర్తుపట్టింది దంతవైద్యుడు. అది ఏ రకమో తేల్చింది పెథాలజిస్టు. అది అలవాటు వల్ల వచ్చిందా, యాదృచ్ఛికమా అన్నది తేల్చింది గణాంకం. కానీ గడప దగ్గర నిలబడి, ఉత్తరాంధ్ర మాటతీరులో పలకరించి, ముసలమ్మ చేత నోరు తెరిపించే మనిషి లేకపోతే ఆ ముగ్గురికీ పనే లేదు.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తిచేసిన అమ్మాయిలు, బీడీఎస్ చేసి క్లినిక్ పెట్టే స్తోమత లేక ఆలోచనలో పడ్డవాళ్లు, ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో గడిపి మనసు మళ్లినవాళ్లు, స్టాఫ్ నర్సులు, ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: “డాక్టరు కాని నాకు అక్కడ ఏం పని?” నా జవాబు కూడా ఒకటే. ఒక్క విద్య బాగా చేతికి వచ్చాక రండి. వచ్చాక మొదటి ఏడాది మాత్రం మీది కాని చోట గడపండి. అన్నీ తలా కొంచెం నేర్చుకుని వద్దామనుకుంటే ఏ బృందానికీ అక్కరకు రారు. గణాంకం తెలిసిన మనిషి గణాంకంలో దిట్ట కావాలి. నర్సు నర్సింగ్‌లోనే దిట్ట కావాలి. ఆపైన పక్కవాళ్ల పని ఎక్కడ ఆగిపోతుందో చూసే కన్ను కావాలి.

పని ఎక్కువగా ఆగేది ఒక చేతి నుంచి మరో చేతికి మారేచోట. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ చేసిన పెద్ద ప్రయోగం చూడండి. 35 నుంచి 64 ఏళ్ల మహిళలు 1,51,538 మంది. వారిలో సుమారు సగం మందిని పరీక్షకు ఎంచుకున్నారు. డాక్టర్లు కాదు, కొద్ది వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్ లాంటి పలుచటి ఎసిటిక్ ఆమ్లం రాసి, తెల్లబడిందా లేదా అని కంటితో చూశారు. మిగతా సగంతో పోలిస్తే ఈ మహిళల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ప్రచురించారు. అంత తక్కువ ఖర్చుతో అంత ఫలితం రావడం గొప్ప విషయం. అదే వ్యాసంలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎక్కువమంది గుర్తుపెట్టుకోరు. పరీక్షకు పిలిస్తే నూటికి 89 మంది వచ్చారు. తేడా కనిపించింది, నిర్ధారణకు ఆసుపత్రికి రండి అంటే వచ్చింది నూటికి 79 మంది. ఏళ్ల అనుభవం, డబ్బు, సిబ్బంది, అంకితభావం అన్నీ ఉన్న బృందానికే ప్రతి అయిదుగురిలో ఒకరు చేజారారు. మన మండలాల్లో మామూలుగా నడిచే క్యాంపుల సంగతి ఊహించుకోండి.

నా కళ్లముందు జరిగింది ఒకటి చెబుతాను. ఏ జిల్లానో అక్కర్లేదు. మా బృందం ఒక ఊళ్లో స్క్రీనింగ్ చేసింది. ఒకామెకు తేడా కనిపించింది. బయాప్సీకి తేదీ ఇచ్చాం. రాలేదు. మళ్లీ ఇచ్చాం, మళ్లీ రాలేదు. “నాన్ కాంప్లయంట్” అని మా ఫారంలో రాసుకున్నాం. నెల తర్వాత మా ఎంఎస్‌డబ్ల్యూ అమ్మాయి ఆమె ఇంటికి వెళ్లింది. మేమిచ్చిన రెండు తేదీలూ మిరప కోతల్లో పడ్డాయి. ఆమె పోతే ఆ రోజు కూలి పోతుంది, ముఠాలో ఆమె చోటూ పోతుంది. మేం చేతిలో పెట్టిన చీటీ ఇంగ్లిషులో ఉంది. చదివి చెప్పమని మేనల్లుడికి ఇస్తే, అతను “పాజిటివ్ అంటే మంచిదే అత్తా” అన్నాడట. తప్పు ఆమెది కాదు, మాది. మా పట్టికలో మాత్రం ఆ తప్పు ఆమె ఖాతాలో నమోదైంది. మేం చేసిన మార్పులు రెండే. చీటీ తెలుగులో అచ్చువేయించాం. క్యాంపు తేదీలను ఆ ఊరి పంటల లెక్క చూసి పెట్టుకున్నాం. అయితే ఆ రెండూ మాలో ఏ డాక్టరుకూ, ఏ శాస్త్రవేత్తకూ తట్టలేదు. సోషల్ వర్క్ చదివిన పాతికేళ్ల అమ్మాయికి తట్టాయి. ఈ రంగంలో మీ విలువ ఎంతని ఎవరైనా అడిగితే ఆమెనే తలుచుకోండి.

సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. ఫొటో చూసి క్యాన్సర్ పట్టేసే ప్రోగ్రాం చేశాను, 90 శాతం కచ్చితత్వం అంటూ వస్తారు. సంతోషమే. ఇప్పుడు ఊళ్లోకి తీసుకెళ్దాం. 10,000 మంది మహిళలు, వారిలో నిజంగా జబ్బున్నవాళ్లు 50 మంది అనుకోండి. మీ ప్రోగ్రాం ఆ 50లో 45 మందిని పట్టుకుంటుంది. మిగతా 9,950 మందికి ఏమీ లేదు. కానీ వాళ్లలో నూటికి పదిమంది, అంటే 995 మంది దగ్గర పొరపాటున గంట కొడుతుంది. మొత్తం 1,040 మందికి “తేడా ఉంది” అని చెప్తారు. అందులో నిజంగా ఉన్నది 45 మందికి, అంటే నూటికి నలుగురు. మిగతా 995 మంది నిద్రలేని రాత్రులు, బస్సు ఛార్జీలు, పోయిన కూలి, ఇంట్లో అనుమానపు చూపులు, వీటి లెక్క మీ కోడ్‌లో ఎక్కడా లేదు. స్వీడన్‌లో రొమ్ము ఎక్స్‌రేలు చదవడానికి కృత్రిమ మేధను 80 వేల మందికి పైగా మహిళలున్న ప్రయోగంలో పరీక్షించి, రేడియాలజిస్టుల చదువు భారం 44 శాతం తగ్గిందని 2023లో ప్రకటించారు. అక్కడ అది సాధ్యమవడానికి కారణముంది. ఆ దేశంలో ప్రతి మహిళనూ పేరుపేరునా పరీక్షకు పిలిచే ఏర్పాటు, ప్రతి ఎక్స్‌రేనూ ఇద్దరు డాక్టర్లు చదివే పద్ధతి ముందునుంచే ఉన్నాయి. ప్రోగ్రాం ఆ గోడ మీద ఒక ఇటుక. మన దగ్గర ముందు గోడ కట్టాలి. మీకు గోడ కట్టే ఓపిక ఉంటే రండి, మీ అవసరం చాలా ఉంది. ఆశా కార్యకర్త ఫోనులో సిగ్నల్ లేకపోయినా పనిచేసే ఫారం, తేడా కనిపించిన మహిళ రాకపోతే ఏఎన్ఎంకు గుర్తుచేసే సందేశం, రెండు రిజిస్టర్లలోని ఒకే మనిషిని కలిపి చూపే పట్టిక: ఇవి రాసేవాళ్లు దొరకడం లేదు.

ల్యాబ్ వాళ్లకు చెప్పాల్సింది వేరే. ముందుగా కనిపెడితే ఎప్పుడూ మంచే జరుగుతుందన్న నమ్మకాన్ని చేరిన రోజునుంచే ప్రశ్నించుకోండి. దక్షిణ కొరియాలో థైరాయిడ్‌ను స్కాన్ చేయడం మామూలైపోయాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. మరణాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎన్నటికీ ప్రాణం తీయని గడ్డల కోసం వేలమంది గొంతు కోయించుకుని జీవితాంతం మాత్రలు వేసుకుంటున్నారు. దీని సరసన మహారాష్ట్రలో అప్పటి ఉస్మానాబాద్ జిల్లా ప్రయోగం పెట్టి చదవండి. బార్షీలోని గ్రామీణ క్యాన్సర్ ఆసుపత్రి, ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థలో పనిచేసిన డాక్టర్ శంకరనారాయణన్, టాటా మెమోరియల్ కలిసి 1,31,746 మంది మహిళలను నాలుగు జట్లుగా చేసి గమనించారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్షను ఒక్కసారి చేసిన జట్టులో 34 మంది ఆ క్యాన్సర్‌తో చనిపోతే, ఏ స్క్రీనింగూ జరగని జట్టులో 64 మంది చనిపోయారని 2009లో తేలింది. రెండు చోట్లా “ముందుగా కనిపెట్టడమే”. ఒకచోట హాని, ఒకచోట ప్రాణదానం. తేడా ఎక్కడుందో చెప్పగలిగితే మీరు ఇంటర్వ్యూకు సిద్ధమైనట్టే. నేనైతే అభ్యర్థులను ఇదే అడుగుతాను.

ఆ ఉస్మానాబాద్ అంకెలు చదివేటప్పుడు ఇంకొకటీ ఆలోచించాలి. ఆ 64 మంది కూడా మనుషులే. స్క్రీనింగ్ లేని జట్టు ఉండడం న్యాయమేనా అని విదేశాల్లోనూ ఇక్కడా గట్టిగా వాదించినవారున్నారు. దేశంలో మామూలుగా ఏ స్క్రీనింగూ లేదు గనుక అదే పోలిక అని పరిశోధకులు అన్నారు. ఈ చర్చలో మీరెటువైపో మీరే తేల్చుకోవాలి, కానీ తేల్చుకోకుండా ఈ పనిలోకి రాకూడదు.

మన గడ్డ మీద జరిగింది కూడా తెలుసుకుని రండి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం పరిసరాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదన్నదే విచారణలో తేలిన మాట. అయినా సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. ఒక్క డోసు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మంచి టీకాను కూడా ఒక ఫారం మీద పడ్డ తప్పు సంతకం ఏళ్ల తరబడి వెనక్కి నెట్టగలదని ఆ ప్రాంతాల్లో తిరిగితే అర్థమవుతుంది. అందుకే సమ్మతి పత్రం పని చిన్న ఉద్యోగికి వదిలేసే గుమాస్తా పని అనుకోకండి. ఆ పని మీకు అప్పగిస్తే గౌరవంగా తీసుకోండి. కోయ మాట్లాడే ఊళ్లో కోయలో చదివి వినిపించే మనిషి కావాలని అడగండి. మంచి క్లినికల్ పద్ధతుల (జీసీపీ) సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలను మాత్రం సర్టిఫికెట్ కోసం కాకుండా నిదానంగా చదవండి.

ఇక తలుపులు ఎక్కడున్నాయంటే, నా దృష్టిలో అందరికన్నా తక్కువమంది తట్టే తలుపు క్యాన్సర్ రిజిస్ట్రీ. ఒక ప్రాంతంలో ఏ ఏడాది ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో ఆసుపత్రులు, ల్యాబులు, మరణ ధ్రువీకరణలు తిరిగి సేకరించే పని. బెంగళూరులోని ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌సీడీఐఆర్ దేశమంతటి రిజిస్ట్రీలను చూస్తుంది. హైదరాబాద్‌కూ ఒకటి ఉంది. పైకి చూస్తే డేటా ఎంట్రీలా కనిపిస్తుంది, కాదు. ఒకే లక్ష్మమ్మ పేరును ఒక ఆసుపత్రి ఇంగ్లిషులో ఎక్స్ పెట్టి రాస్తుంది, ఇంకొకటి కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. భర్త పేరు ఒకచోట ఉంటే తండ్రి పేరు మరోచోట. ఆమె ఒక్కరా ముగ్గురా అన్నది కంప్యూటర్ తేల్చలేదు. మన పేర్లు, మన ఊళ్లు తెలిసిన మనిషే తేల్చాలి. ఒక జిల్లాలో జబ్బు పెరిగిందా తగ్గిందా అన్న మాట ఆ మనిషి శ్రద్ధ మీద నిలుస్తుంది. రెండేళ్లు అక్కడ పనిచేసినవాళ్లకు ఎపిడెమియాలజీ పుస్తకం చదివితే ప్రతి పేజీలో ఒక ముఖం కనిపిస్తుంది.

మిగతావి త్వరగా చెప్తాను. నోయిడాలోని ఎన్‌ఐసీపీఆర్ ఐసీఎంఆర్ వారి క్యాన్సర్ నివారణ సంస్థ. ఆహారానికీ జబ్బుకూ ఉన్న సంబంధం మీద ఆసక్తి ఉంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. టాటా మెమోరియల్ వారి ఎపిడెమియాలజీ కేంద్రం నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో, వారి ఆసుపత్రి మన విశాఖ దగ్గర అగనంపూడిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అక్కడే ఉన్న భారత ప్రజారోగ్య సంస్థ (ఐఐపీహెచ్), చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ (ఎన్‌ఐఈ), తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం చూడండి. పీహెచ్‌డీ అయినవాళ్లు, ఎండీలు హైదరాబాద్ నుంచే నడిచే ఇండియా అలయన్స్ ఫెలోషిప్పుల మీద కన్నేసి ఉంచండి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటద్దె భత్యం. అది రాకపోయినా కంగారు పడకండి. ఎక్కువమంది ప్రాజెక్ట్ ఉద్యోగాలతోనే ఈ రంగంలోకి వస్తారు. ఆ నోటిఫికేషన్లు సంస్థల సైట్లలో పెద్ద హడావిడి లేకుండా పడతాయి, పదిహేను రోజుల్లో ముగుస్తాయి. వారానికోసారి చూసే అలవాటు చేసుకోండి.

ప్రాజెక్ట్ ఉద్యోగం అంటే కాంట్రాక్టు. నిధులు ఆగిన రోజు ఉద్యోగం ఆగుతుంది. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, దాచకండి. ఇంటర్వ్యూలో మీరు కూడా ప్రశ్నలు అడగాలి, అడిగినందుకు తిరస్కరించే చోట చేరకపోవడమే మేలు. గ్రాంటు ఎన్నాళ్లు మిగిలింది? ఊళ్లు తిరిగే రోజుల్లో ప్రయాణ ఖర్చులు ముందిస్తారా, బిల్లులు పెట్టాక ఆరు నెలలకు ఇస్తారా? సాయంత్రం ఆలస్యమైతే మహిళా సిబ్బందికి వాహనం ఉందా? ప్రచురించే వ్యాసంలో పేరు ఎవరికి ఉంటుంది? ఈ చివరి ప్రశ్న అడగడానికి మన పిల్లలు చాలా మొహమాటపడతారు. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకులు రచయితకు నాలుగు అర్హతలు పెట్టారు: పనిలో గణనీయమైన భాగం ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, తుది ప్రతికి ఆమోదం తెలపాలి, మొత్తానికి జవాబుదారీగా ఉండాలి. మొదటిది మీకు ఉంటే మిగతా మూడింటికీ మీకు అవకాశం ఇవ్వాలి. మొదటి నెలలోనే మర్యాదగా ఈ-మెయిల్ రాసి జవాబు తీసుకోండి. మూడేళ్ల తర్వాత అడిగితే మనస్పర్థలు వస్తాయి.

చేరిన తర్వాత మొదటి ఏడాది గురించి. గణాంకం వాళ్లు నెలకు నాలుగు రోజులైనా ఫీల్డుకు వెళ్లాలి, ఆర్ లాంగ్వేజ్ తర్వాతైనా నేర్చుకోవచ్చు. ఆశా కార్యకర్త పక్కన కూర్చుని, ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆమె నింపాల్సిన సీబ్యాక్ అనే జబ్బు ముప్పు అంచనా ఫారం నింపడం చూడండి. “దుర్వాసనతో తెల్లబట్ట అవుతోందా?” అన్న ప్రశ్నను అత్తగారి ముందు ఆమె ఎలా దాటేస్తుందో, తర్వాత పెరట్లోకి తీసుకెళ్లి ఎలా అడుగుతుందో చూశాక మీ డేటాలోని ఖాళీ గడులకు అర్థం తెలుస్తుంది. నర్సులూ సోషల్ వర్క్ వాళ్లూ వారానికి ఒక పూట గణాంకం వాళ్ల పక్కన కూర్చుని, తాము రాసిన ఫారాలు అంకెలుగా ఎలా మారతాయో అడిగి తెలుసుకోవాలి. డాక్టర్లు పెథాలజీ గదిలో స్లైడు తయారయ్యేదాకా నిలబడాలి. ఎవరూ పిలవరు. మీరే అడిగి వెళ్లాలి. నాకు తెలిసిన మంచి పరిశోధకులందరూ మొదట్లో ఇలా పిలవని చోట్లకు వెళ్లి కూర్చున్నవాళ్లే.

ఈ పని మనసుకు భారం కూడా. మీరు పరీక్షించిన మనిషికి జబ్బు బయటపడుతుంది. కొన్నిసార్లు ఆలస్యంగా. ఆ రోజు ఇంటికి వెళ్లి ఏమీ జరగనట్టు ఉండలేరు. బృందంలో వారానికోసారి అలాంటి మాటలు చెప్పుకునే చోటు ఉందా అని చూసుకోండి, లేకపోతే మీరే టీ వేళకు మొదలుపెట్టండి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో అడిగితే, 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. చేయాల్సిన పని అంత ఉంది. మీరు చేరబోయే చోటుకు ఇంటర్వ్యూ రోజున ఒక గంట ముందే వెళ్లండి. స్క్రీనింగ్ రిజిస్టర్ ఎలా ఉంటుందో చూపించమని అక్కడి సిస్టర్‌ను అడగండి. పేర్లు ఆమె చేత్తో మూసి చూపించినా చాలు. ఎంతమందిని పరీక్షించారన్న గడి నిండే ఉంటుంది. పేజీ కుడివైపు చివరికి రండి. తేడా కనిపించినవాళ్లు ఏ తేదీన బయాప్సీకి వెళ్లారు, ఏమని వచ్చింది, చికిత్స ఎప్పుడు పూర్తయింది అన్న గడులు నిండి ఉంటే అక్కడ చేరి నేర్చుకోండి. ఖాళీగా ఉంటే, లోపల మిమ్మల్ని “ఇక్కడ మీరు ఏం చేయగలరు?” అని అడిగినప్పుడు ఆ గడుల గురించి మాట్లాడండి.